సానికీ దొరసానికీ నడుమ

పెత్తనం, ఆస్తి, పలుకుబడి కలిగిన స్త్రీని పేర్కొనడానికి తెలుగువారు వాడిన మాటల్లో ‘సాని’, ‘దొరసాని’ అనే రెండింటి చరిత్రను జతగా పరిశీలించడం అవసరం, ఎందుకంటే ఒకే మూలం నుంచి పుట్టి, కొన్ని శతాబ్దాల పాటు ఇంచుమించు ఒకే గౌరవాన్ని మోసిన ఈ మాటల్లో మొదటిది తిట్టుగా దిగజారింది, రెండవది తెల్లదొరల భార్యలకూ గడీల యజమానురాండ్రకూ బిరుదుగా నిలిచింది. ఈ ఎడబాటును కేవలం భాషా పరిణామంగా చూసి సరిపెట్టుకునే వీలు లేదు. స్త్రీకి ఆస్తి ఎక్కడి నుంచి వచ్చింది, దాని మీద ఆమె హక్కును ఎవరు గుర్తించారు, ఎవరు కాదన్నారు అన్న విషయాలు ఈ మాటల అర్థాలను అడుగడుగునా మలుపు తిప్పాయి.

‘సాని’ అనే మాట సంస్కృతంలోని ‘స్వామిని’ నుంచి ప్రాకృతం మీదుగా తెలుగులోకి వచ్చిందని భాషావేత్తలు సాధారణంగా అంగీకరిస్తారు. ‘స్వ’ అంటే తనది, సొత్తు. స్వామి అంటే సొత్తు కలవాడు, యజమాని. కనుక స్వామిని అంటే యజమానురాలు. భార్య అనే అర్థం గానీ, నర్తకి అనే అర్థం గానీ, వేశ్య అనే అర్థం గానీ ఆ మూలంలో లేవు. తెలుగులో ఈ మాట స్త్రీల పేర్ల చివర గౌరవవాచకంగానూ, వృత్తిని లేదా హోదాను తెలిపే మాటల చివర స్త్రీవాచక ప్రత్యయంగానూ స్థిరపడింది. గురువు భార్య ఒజ్జసాని, రెడ్డి ఇల్లాలు రెడ్డిసాని, పురుడు పోసే స్త్రీ మంత్రసాని. ‘దొర’ మాత్రం ద్రావిడ పదం. తమిళంలో ‘తురై’, కన్నడంలో ‘దొరె’ దాని తోబుట్టువులు. ప్రభువు, ఏలిక అని దాని అర్థం. ఈ లెక్కన దొరసాని అంటే ఏలిక ఇంటి యజమానురాలు; దొర అనే మాట పురుషుడిని సూచిస్తుండగా, ఆ పురుషుడి నీడలోనే ఈ సాని నిలబడింది.

కాకతీయుల కాలపు శాసనాల్లో, అంటే రాళ్ళ మీదా రాగిరేకుల మీదా చెక్కించిన దానపత్రాల్లో, సాని అనే మాటకు ఏ మచ్చా లేదు. సామంత కుటుంబాల స్త్రీలను సంస్కృత శ్లోకాల్లో ‘అంబ’, ‘అంబిక’, ‘దేవి’ అని పేర్కొన్న శాసనకర్తలు, తెలుగు భాగానికి వచ్చేసరికి పేరు చివర ‘అమ’ లేదా ‘సాని’ చేర్చడం పరిపాటి. వీరిలో విరియాల కామసాని కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1124 నాటిదిగా చెప్పే గూడూరు శాసనంలోని తెలుగు పద్యాలు ఆమె భర్త ఎర్రన పరాక్రమాన్ని కీర్తించడంతో ఆగక, కాకతి వంశానికి చెందిన గరుడ బేతడు ఆదరువు లేని స్థితిలో ఉన్నప్పుడు అతనికి అండగా నిలిచి, చక్రవర్తి దర్శనం చేసి, అతన్ని పదవిలో నిలబెట్టిన ఘనతను ఆమెకే ఆపాదిస్తాయి. తరువాత రెండు శతాబ్దాల పాటు తెలుగు దేశాన్ని ఏలిన వంశం అంకురదశలో నిలదొక్కుకోవడానికి ఒక సామంతుని ఇల్లాలు చేసిన రాయబారం తోడ్పడిందని ఆమె సంతతివారు రాతి మీద చెక్కించుకున్నారంటే, అందులో వంశ ప్రతిష్ఠ కోసం చేసిన అతిశయోక్తి కొంత ఉన్నా, రాజ్యతంత్రం నెరిపిన స్త్రీకి ‘సాని’ అన్న పేరు వారి దృష్టిలో ఏమాత్రం తక్కువ కాలేదని స్పష్టమవుతుంది.

అయితే ఆ గౌరవానికి పైన ఒక హద్దు ఉంది. సామంతుల స్థాయిలో చెల్లిన ఈ మాట సింహాసనం దగ్గర చెల్లలేదు. గణపతిదేవుని కుమార్తె రుద్రమ ఏలికగా శాసనాల్లో తరచు రుద్రదేవ మహారాజుగానే కనిపిస్తుంది. ఆమె మరణాన్ని సూచించే 1289 నాటి చందుపట్ల శాసనం వెలుగు చూసేదాకా ఆమె చివరి రోజుల గురించి చరిత్రకారులు ఊహల మీదే ఆధారపడ్డారు. ఏలే అధికారానికి అప్పటి రాజభాషలో స్త్రీలింగ పదం సిద్ధంగా లేనందున, ఏలిక అయిన స్త్రీ పురుష నామం ధరించవలసి వచ్చింది. పల్నాటి వీరగాథల్లో నలగామరాజు మంత్రాంగాన్ని నడిపిన నాగమ్మకు మాత్రం ‘నాయకురాలు’ అనే పేరు దక్కింది. భర్త పదవికి తోకగా కాక, తన పనికి గుర్తుగా వచ్చిన అరుదైన స్త్రీవాచకం అది. కానీ వీరగాథలు ఆమెను యుద్ధానికి మూలకారకురాలిగా చిత్రించడంతో, ఆ పేరులో మెచ్చుకోలు కన్నా నింద పాలే ఎక్కువగా వినిపిస్తుంది.

సామంతుల ఇళ్ళలో సానులు ఉన్న కాలంలోనే దేవాలయాల్లోనూ సానులు ఉన్నారు. గుడిసాని అంటే ఆలయ సేవకు అంకితమై, నృత్యగానాలు, దీపారాధన, వింజామర సేవ వంటి కైంకర్యాలు నెరిపే స్త్రీ. చాళుక్య భీముని పేరుతో ప్రసిద్ధమైన ద్రాక్షారామ భీమేశ్వరాలయం వీరికి పెద్ద కేంద్రం. ఆలయంలోని శాసనాల్లో ‘సాని మున్నూరు’ అనే సంఘం ప్రస్తావన వస్తుంది. మున్నూరు అంటే మూడు వందలు. బెజవాడ తెలికి వేయిమంది, అయ్యావళి ఐదువందల స్వాములు అన్న వర్తక సంఘాల పేర్లలో మాదిరిగానే ఇక్కడా సంఖ్యను తలల లెక్కగా కాక సంఘం పేరుగానే అర్థం చేసుకోవాలి. ఎవరైనా గుడికి దానం చేస్తే, ఆ ధర్మం చెడిపోకుండా చూసే బాధ్యత ఇలాంటి సంఘాల మీద పడేది. అంటే గుడిసానులు సేవకులు మాత్రమే కాక, ఆలయ సొత్తుకు ఒక మేరకు కాపరులు కూడా.

వీరు స్వయంగా దాతలు. ఆ కాలంలో అఖండదీపం, అంటే రాత్రింబవళ్ళు ఆరకుండా వెలిగే దీపం పెట్టించడం గౌరవనీయులు చేసే పుణ్యకార్యం. దానికి సాధారణంగా 25 ఆవులనో 50 గొర్రెలనో గుడికి ఇస్తే, వాటిని మేపే బోయలు రోజుకొక కొలత చొప్పున నెయ్యి పోసేవారు. రాజులు, దండనాయకులు, శెట్లు చేయించిన ఈ దానాన్నే గుడిసానులూ తమ పేరుతో చేయించారు. దానశాసనాల్లో వారిలో పలువురు తాము ఫలానా వారి కుమార్తెలమని చెప్పుకున్నారు గానీ, ఫలానా వారి భార్యలమని చెప్పుకోలేదు. సామంత స్త్రీ దగ్గర భర్త పేరు, గుడిసాని దగ్గర తండ్రి పేరు, ఇంతే తేడా. శాసన పరిశోధకులకు ఒక సాని రాజకుటుంబీకురాలో ఆలయ స్త్రీయో తేల్చుకోవడానికి తరచు ఈ బంధుత్వపు మాట ఒక్కటే ఆధారం అవుతుందంటే, సాని అన్న బిరుదు ఇద్దరికీ ఎంత సమానంగా వర్తించిందో ఊహించవచ్చు. నేటి పాఠకుడు ఆ శాసనాల్లో సాని అన్న మాట చూసిన వెంటనే నాట్యకత్తె అని నిర్ణయించుకోవడం కాలాన్ని తలకిందులు చేయడమే.

కాకతీయుల తరువాతి సాహిత్యంలో ఈ సమానత్వం చెదిరిపోయే సూచనలు కనిపిస్తాయి. ఓరుగల్లు నగర జీవితాన్ని వర్ణించే ‘క్రీడాభిరామం’లో ప్రతాపరుద్రుని వేశ్య మాచల్దేవి చిత్రశాల ప్రవేశం ఒక వేడుకగా కనిపిస్తుంది. ఆమె పేరులో రాణుల పేర్లకుండే ‘దేవి’ ఉంది, ఆమె ఇంట్లో గోడ నిండా చిత్తరువులు ఉన్నాయి, అయినా కవి చూపులో ఆమె నగర విలాసంలో ఒక భాగం. విజయనగరాన్ని 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆలయ స్త్రీలు రాజు భార్యల సమక్షంలోకి వెళ్ళి, వారితో కూర్చుని తాంబూలం వేసుకోగలిగేవారని వ్రాశాడు. 17వ శతాబ్దపు తంజావూరులో తెలుగు ఏలుబడి నెరపిన నాయకరాజుల కొలువులో పసుపులేటి రంగాజమ్మ కావ్యం, యక్షగానం రచించి విజయరాఘవ నాయకుని చేత కనకాభిషేకం పొందింది. ఆ తరువాత అక్కడే ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుని కాలంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ రచించింది. గృహిణికి అక్షరాభ్యాసమే అరుదుగా ఉన్న ఆ రోజుల్లో సంస్కృతాంధ్రాలు, సంగీతం, అలంకారశాస్త్రం నేర్చి గ్రంథాలు వ్రాయగలిగిన స్త్రీలు ఎక్కువగా ఇలాంటి కొలువు స్త్రీల, ఆలయ స్త్రీల వర్గం నుంచే వచ్చారు. అయినా కవులు, వ్యాఖ్యాతలు, ఛాందసులు సాని అనే మాటను వేశ్య అనే మాటకు పర్యాయంగా వాడే అలవాటు ఈ మధ్యకాలంలోనే గట్టిపడింది. 19వ శతాబ్ది మధ్యలో సి.పి. బ్రౌన్ తన నిఘంటువును కూర్చేనాటికి సాని అన్న ఒకే మాట కింద భార్య, దొరసాని, నాట్యకత్తె అన్న అర్థాలు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. పాతది ఇంకా పోలేదు, కొత్తది పూర్తిగా గెలవలేదు.

కొత్త అర్థాన్ని గెలిపించినవి చట్టం, సంస్కరణ. కోస్తా జిల్లాల్లో గుడి సేవ, నృత్యగానాల వృత్తిలోని కుటుంబాలు తమను కళావంతులుగా చెప్పుకునేవి. వారి ఇళ్ళలో ఆస్తి తల్లి నుంచి కూతురికి సంక్రమించేది. కూతురు లేనప్పుడు బాలికను దత్తత తీసుకునేవారు. గుడి సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూమి, అంటే మాన్యం లేదా ఇనాం, ఆ వరుసలోనే చేతులు మారేది. పెళ్ళిళ్ళలో, జమీందార్ల కొలువుల్లో జరిపే మేజువాణి, అంటే కూర్చున్న సభలో సాగే ఆటపాటల కచేరీ, నగదు ఆదాయం తెచ్చేది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 372, 373 సెక్షన్లు మైనరు బాలికలను వ్యభిచారానికి అప్పగించడాన్ని నేరంగా ప్రకటించగా, వాటి కింద కళావంతుల దత్తతలు, గుడికి అంకితం చేసే క్రతువు కూడా కోర్టుల విచారణకు లోనయ్యాయి. ఆ సెక్షన్ల ఉద్దేశాన్ని తప్పుపట్టలేం, బాలికల పరిస్థితి నిజంగానే దయనీయంగా ఉన్న సందర్భాలు లేకపోలేదు. కానీ ఒక దెబ్బతో వృత్తినీ, వారసత్వాన్నీ, బిరుదునూ కలిపి నేరం అనే పెట్టెలో వేయడం వల్ల, గుడిసానికీ వ్యభిచార గృహం నడిపే స్త్రీకీ న్యాయస్థానం దృష్టిలో తేడా మిగలలేదు.

కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో సాగించిన సంస్కరణ ప్రచారం, 1893లో మద్రాసు సంస్కర్తలు గవర్నరుకూ వైస్రాయికీ భోగం మేళాలకు, అంటే సానుల ఆటపాటల కచేరీలకు, హాజరు కావద్దని పంపిన విజ్ఞప్తి ఈ దృష్టికి సాంఘిక ఆమోదం తెచ్చాయి. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో వేశ్యావ్యతిరేక వ్రతం పూనిన వకీలు సౌజన్యారావు ఎదుట సాని మధురవాణిని నిలిపి, ఆ ప్రచారంలోని డొల్లతనాన్నీ దానిలోని నిజాయితీనీ ఒకేసారి చూపించాడు, అదే నాటకంలో పాత్రల నోళ్ళలో సాని అన్న మాట ఎంత చులకనగా నలుగుతుందో గమనిస్తే, 19వ శతాబ్ది చివరికి విజయనగర ప్రాంతపు వాడుకలో దాని స్థాయి తెలిసిపోతుంది. ముద్దుపళని కావ్యాన్ని వీరేశలింగం దూషించగా, తానూ అదే వర్గానికి చెందిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని వావిళ్ళ ప్రచురణకర్తల ద్వారా ప్రకటించి, పురుష కవుల శృంగారానికి లేని అభ్యంతరం ఒక స్త్రీ రచనకే ఎందుకని ప్రశ్నించింది. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఆస్తి విషయంలో 1929 నాటి మద్రాసు చట్ట సవరణ పెద్ద మలుపు. గుడి సేవ చేయాలన్న షరతు నుంచి ఇనాం భూములను విడదీసి, వాటి మీద ఆ స్త్రీలకు హక్కు నిలిపేందుకు అది వీలు కల్పించింది. సంస్కర్త ముత్తులక్ష్మీరెడ్డి వంటివారి కృషి ఫలితంగా 1947లో గుడికి అంకితం చేసే పద్ధతే చట్టవిరుద్ధమైంది. సేవ పోయింది, బిరుదుకు గుడిలో ఉన్న చివరి ఆధారం కూడా దానితో పోయింది. మిగిలినది ‘సానికొంప’ వంటి తిట్టు.

ఈ కాలమంతటా దొరసాని దారి వేరు. కుంపినీ పాలనలో తెల్ల అధికారి దొర అయ్యాడు. మన్రో దొర, కాటన్ దొర అన్న పేర్లు ఇప్పటికీ జనం నోట ఉన్నాయి. మన్యంలో గిరిజన పెద్దల పేర్ల చివర దొర అంతకు ముందే ఉంది, అల్లూరి సీతారామరాజు అనుచరులు మల్లుదొర, గంటందొర అందుకు నిదర్శనం. కనుక ఈ మాట తెల్లవారి సొత్తు కాదు. కానీ మైదాన ప్రాంతపు పట్టణాల్లో దొరసాని అంటే గౌను వేసుకున్న తెల్ల స్త్రీ అన్న అర్థమే ముందు తట్టేంతగా వాడుక మారింది. తమిళంలోనూ ‘తురైసాని’ ఇదే అర్థంలో స్థిరపడింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. క్రైస్తవ మిషన్ల తరఫున వచ్చిన ఉపాధ్యాయినులు, వైద్యురాండ్రు పలువురు అవివాహితలు. 1883లో గుంటూరుకు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి నెలకొల్పిన డాక్టర్ ఆనా కుగ్లర్ వారిలో ఒకరు. ఇలాంటి మిషన్ స్త్రీలను తెలుగు దేశంలో జనం దొరసాని అనే పిలిచారు. ఇంట్లో దొర లేకున్నా ఆ మాట వర్తించిందంటే, ఇక్కడ ‘దొర’ భర్తను కాక, ఏలే జాతిని సూచించిందన్నమాట. భర్త లేకుండా, సొంత విద్యతో, సొంత సంస్థతో బతికిన తెలుగు స్త్రీకి అదే దశాబ్దాల్లో దక్కిన పేరు సాని; భర్త లేకుండా అదే విధంగా బతికిన తెల్ల స్త్రీకి దక్కినది దొరసాని. ఈ దొరసానుల ఆసుపత్రులు పురుళ్ళు పోయడం మొదలుపెట్టాక, ఊళ్ళలో కులాలకు అతీతంగా ఇల్లిల్లూ తొక్కగలిగిన మంత్రసాని కూడా మోటు మనిషిగా ముద్రపడి క్రమంగా వెనక్కి తగ్గింది.

తెలంగాణలో దొరసాని తెల్ల స్త్రీ కాదు. నిజాం రాజ్యంలో శిస్తు వసూలు వంశపారంపర్యంగా చేసిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు 1860ల సాలార్‌జంగ్ సంస్కరణల తరువాత వసూలు పని పోయినా, సర్వే, పట్టాల మార్పిడి అవకాశంగా వేల ఎకరాలను తమ పేర చేసుకుని భూస్వాములయ్యారు. కోటను పోలిన వారి నివాసం గడీ. గడీలోని పురుషుడు దొర, అతని భార్య లేదా తల్లి దొరసాని. ఊరి కులాల చేత కూలి లేకుండా చేయించుకునే చాకిరీ వెట్టి. పొలం మీది వెట్టి, బండి కట్టే వెట్టి దొర పెత్తనంలో ఉంటే, వడ్లు దంచడం, నీళ్ళు మోయడం, బట్టలుతకడం, పిల్లలను సాకడం వంటి ఇంటి లోపలి వెట్టి దొరసాని పెత్తనంలో ఉండేది. ఘోషా, అంటే పరదా ఆచారం వల్ల ఆమె గడప దాటడం అరుదు, దాటితే మేనాలో, అంటే మూసిన పల్లకీలో. దాన్ని మోసేదీ వెట్టివారే. దొరల ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళేటప్పుడు వెంట పంపే పేదింటి బాలికను ఆడబాప అనేవారు. పెళ్ళి లేకుండా, కూలి లేకుండా, గడీ పురుషుల కామానికి సైతం లోబడి ఆమె బతుకు అక్కడే తెల్లవారేది. బి. నరసింగరావు 1988లో తీసిన ‘దాసి’ చిత్రం ఈ జీవితాన్ని గడీ గోడల మధ్యనే ఉంచి చూపింది.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అధీనంలో దాదాపు 40,000 ఎకరాలు ఉండేవని తెలంగాణ రైతాంగ పోరాట చరిత్రలు చెబుతాయి. అతని తల్లి కడవెండి గడీలో ఉండి ఊరిని ఏలింది. ఆ పోరాటాన్ని నడిపిన వారి రచనల్లో ఆమె కొడుకుతో సమానంగా క్రూరురాలిగా నమోదైంది. 1946 జూలై 4న ఆ పోరాటంలో పాల్గొన్న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగింది ఆ కడవెండిలోనే. అదే దేశ్‌ముఖ్ మీద పాలకుర్తిలో తాను కౌలుకు చేసుకున్న భూమి పంట కోసం నిలబడి పోరాడిన చాకలి ఐలమ్మకు ఏ బిరుదూ లేదు. దొరసాని పెత్తనం భర్త వల్లనో కొడుకు వల్లనో వచ్చినదైనా, దాన్ని ప్రయోగించడంలో ఆమె కేవలం వారి నీడ కాదు. వెట్టి మహిళ రోజూ ఎదుర్కొన్నది దొరను కాదు, దొరసానినే. అందుకే తెలంగాణ స్త్రీల పాటల్లో, జ్ఞాపకాల్లో ఈ మాట భయంతో, కసితో పలుకుతుంది. 1949లో జాగీర్దారీ రద్దయి, కౌలుదారీ చట్టాలు వచ్చాక గడీలు ఒక్కొక్కటీ పాడుబడినా, ఇంటి పనిలో చేయి పెట్టకుండా పురమాయించే స్త్రీని వెక్కిరించడానికి దొరసాని అన్న మాటే చాలా ఊళ్ళలో మిగిలింది.

రాయలసీమలో మాత్రం దొరసానమ్మ ఆడపిల్లకు ప్రేమగా పెట్టుకునే పేరు. గడీ అనుభవం లేని ఆ ప్రాంతపు పాతతరం స్త్రీలలో ఆ పేరు గలవారు ఉన్నారు. కామసాని వంటి పేర్లు పెట్టే ఆచారం మాత్రం ఎక్కడా మిగలలేదు. కళావంతుల కుటుంబాలు సైతం 20వ శతాబ్దంలో సూర్యబలిజ అన్న కొత్త పేరును ఎంచుకుని, ప్రభుత్వ వెనుకబడిన తరగతుల జాబితాలో ఆ పేరుతో నమోదయ్యాయి.